వారాల భోజనం నుంచి పోలియో చుక్కల దాకా: సేవా క్లబ్బుల నూరేళ్ల లెక్క

ఒకప్పుడు పేదింటి కుర్రాడు పట్నం వెళ్లి చదువుకోవాలంటే వారాలు చేసుకునేవాడు. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం మేష్టారింట్లో, బుధవారం మరో ఇంట్లో అన్నం. ఇలా ఏడు ఇళ్లు కుదుర్చుకుంటే ఏడాది చదువు గట్టెక్కేది. ఏ ఒక్క ఇంటి మీదా పెద్ద బరువు పడేది కాదు. అయితే ఆ పద్ధతి చుట్టూ కులం గీసిన గిరి ఉంది. ఆ ఏడు గుమ్మాలు ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్లకే తెరుచుకునేవి. తర్వాత వసతి గృహాలు వచ్చాయి. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దాన్ని నిలబెట్టారు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు పిఠాపురం మహారాజా అండతో అనాథలకు, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన పిల్లలకు నీడనిచ్చి చదివించారు. చదువుకునే పిల్లవాడికి ఊరు అండగా నిలవాలన్న భావం మనకు ఎవరో నేర్పింది కాదు.

వారాలబ్బాయిలు మన వీధుల్లో తిరుగుతున్న కాలంలోనే, 1905 ఫిబ్రవరి 23న, చికాగోలో నలుగురు మనుషులు ఒక ఆఫీసు గదిలో కలుసుకున్నారు. ఒకరు పాల్ హారిస్ అనే లాయరు. మిగిలినవారిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కనుక ఆ బృందానికి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. వంతుల మీద భోజనం పెట్టి పిల్లవాణ్ణి చదివించిన సమాజానికి వంతుల మీద నడిచే ఈ క్లబ్బు పద్ధతి కొత్తగా తోచకపోవడంలో వింత లేదు. నేడు మన జిల్లా కేంద్రాల్లోనే కాదు, చాలా మండల కేంద్రాల్లో కూడా రోటరీ చక్రం, లయన్స్ సింహం బొమ్మలున్న బోర్డులు కనిపిస్తాయి.

ఈ క్లబ్బులు రెండు చేతులతో పని చేస్తాయి. ఒక చేయి సొంత ఊరి విద్యార్థి వైపు, రెండోది ఎప్పుడూ చూడని దేశంలోని పేదవాడి వైపు చాచి ఉంటుంది. నూరేళ్లకు పైబడిన ఈ ప్రయత్నంలో నిలిచిందేమిటి, నిష్ఫలమైందేమిటి, మన తెలుగు నేల మీది క్లబ్బులు దాన్నుంచి నేర్చుకోవలసిందేమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పుట్టుక, పెరుగుదల

మొదట్లో రోటరీ సేవా సంస్థ కాదు. కొత్త నగరంలో ఒంటరితనం తీరడానికి, వ్యాపారంలో ఒకరికొకరు తోడుగా ఉండటానికి పెట్టుకున్న కూటమి. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునే నియమం కూడా అందుకే వచ్చింది. సొంత లాభం మీదే నడిచే కూటమి ఎక్కువ కాలం నిలవదని రెండు మూడేళ్లలోనే తెలిసొచ్చింది. 1907లో చికాగో రోటరీ తొలి ప్రజాసేవ చేపట్టింది. నగరంలో మరుగుదొడ్లు కట్టించడానికి పూనుకుంది. వేదికల మీద చెప్పుకోవడానికి అంత ఆకర్షణగా ఉండని పని అది. కానీ ఊరికి కావలసింది అదే.

1915లో డెట్రాయిట్‌లో కివానిస్, 1917లో చికాగోలోనే ఇన్సూరెన్సు వ్యాపారి మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ పుట్టాయి. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, చూపు లేనివారి పక్షాన నిలబడమని అడిగారు. ఆ ఒక్క విన్నపం ఆ సంస్థ దారిని మార్చింది. మన ఊళ్లలో లయన్స్ అనగానే కంటి శిబిరం, కంటి ఆసుపత్రి గుర్తుకు రావడానికి మూలం అక్కడుంది.

ఆడవాళ్లకు చాలాకాలం ఈ తలుపులు మూసే ఉన్నాయి. అందుకే వాళ్లు సొంత సంఘాలు కట్టుకున్నారు. 1919లో జోంటా, 1921లో సోరాప్టిమిస్ట్, 1924లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఇన్నర్ వీల్ వచ్చాయి. కాలిఫోర్నియాలోని డ్యుయార్టే క్లబ్బు మహిళలను చేర్చుకున్నందుకు రోటరీ ఆ క్లబ్బునే వెలివేసింది. గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1987లో క్లబ్బుకు అనుకూలంగా తీర్పు వచ్చింది. రోటరీకి ఒక మహిళ ప్రపంచాధ్యక్షురాలు కావడానికి మాత్రం 2022 దాకా పట్టింది. సేవ పేరుతో నడిచే సంస్థలో సగం మానవాళికి చోటు దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టిందన్నది ఆ చరిత్రలో చెరగని మచ్చ.

మన దేశంలో తొలి రోటరీ క్లబ్బు కలకత్తాలో 1919లో మొదలైంది. 1929లో మద్రాసు క్లబ్బు వచ్చింది. లయన్స్ 1956లో బొంబాయిలో అడుగుపెట్టింది. మొదట ఎక్కువగా తెల్లదొరల కూటమిగా ఉన్న రోటరీ స్వాతంత్ర్యం వచ్చాక దేశీయుల చేతికి వచ్చింది. నితీష్ లాహరీ 1962లో రోటరీకి తొలి ఆసియా అధ్యక్షుడయ్యారు. తర్వాత రాజేంద్ర సాబూ, కల్యాణ్ బెనర్జీ, శేఖర్ మెహతా ఆ పదవి చేపట్టారు. నేడు రోటరీలో సుమారు 12 లక్షల మంది, లయన్స్‌లో సుమారు 14 లక్షల మంది సభ్యులున్నారు. రెండింటిలోనూ భారతదేశానిది పెద్ద వాటా. ఒకప్పుడు సాయం అందుకునే జాబితాలో మాత్రమే ఉన్న దేశం ఇప్పుడు సాయం చేసే వరుసలోకీ వచ్చింది.

విద్యార్థి దగ్గర ఏం జరుగుతోంది

రోటరీ ఫౌండేషన్ అనే నిధికి మూలం 1917లో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ చేసిన ప్రతిపాదన. దానికి తొలి విరాళంగా కాన్సాస్ సిటీ క్లబ్బు నుంచి వచ్చింది 26 డాలర్ల 50 సెంట్లు. ముప్పై ఏళ్లపాటు ఆ నిధి నత్తనడక నడిచింది. 1947 జనవరిలో పాల్ హారిస్ చనిపోయాక ఆయన జ్ఞాపకార్థం విరాళాలు వెల్లువెత్తాయి. ఆ డబ్బుతో మొదట చేసిన పని విగ్రహం పెట్టడం కాదు. ఆ ఏడే 18 మంది విద్యార్థులను విదేశాల్లో పైచదువులకు పంపారు. ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. నిన్నటి శత్రుదేశాల పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు ఉండి చదువుకుంటే మళ్లీ యుద్ధం రాదన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ ఉపకార వేతనం అందుకున్నవారిలో జపాన్‌కు చెందిన సదాకో ఒగాతా ఒకరు. తర్వాత ఆమె ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్‌గా 1991 నుంచి పదేళ్లు పనిచేశారు. జోంటా 1938లో నెలకొల్పిన అమేలియా ఇయర్‌హార్ట్ ఫెలోషిప్ విమానయాన, అంతరిక్ష శాస్త్రాల్లో పరిశోధించే మహిళలకు నేటికీ అందుతోంది. సముద్రంలో మాయమైన ఆ విమాన చోదకురాలు జోంటా సభ్యురాలే.

ఇవి శిఖరాలు. మన ఊరి బడి దగ్గర కనిపించే సేవ వేరు. నోటుపుస్తకాలు, బ్యాగులు, బల్లలు, సైకిళ్లు, కళ్లజోళ్లు, మంచినీటి ప్లాంటు, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకు నగదు బహుమతి. వీటిలో దేనివల్ల చదువు ముందుకు సాగుతుంది? ఇది అభిప్రాయాల మీద తేల్చవలసిన ప్రశ్న కాదు. గత ముప్పై ఏళ్లలో దీని మీద గట్టి పరిశోధన జరిగింది. అందులో ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగింది.

ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి 2005 తర్వాత గ్రామీణ బడుల్లో సాగించిన అధ్యయనంలో భాగంగా, లాటరీ తీసి ఎంచిన కొన్ని బడులకు పిల్లల సామగ్రి కోసం డబ్బిచ్చారు. ఎక్కువ భాగం పుస్తకాలు, నోటుబుక్కులు, పలకల వంటి వాటికే ఖర్చయింది. తొలి ఏడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు అదే సాయం అందినా ఏ మార్పూ కనిపించలేదు. కారణం తల్లిదండ్రుల సంచిలో దొరికింది. బడిలో ఇస్తారని ముందే తెలిసేసరికి వాళ్లు తాము కొనేది తగ్గించుకున్నారు. అది తప్పేమీ కాదు. ఆ మిగిలిన డబ్బు ఇంట్లో మరో అవసరానికి పనికొచ్చింది. ఏటా జూన్‌లో నోటుబుక్కులు పంచే క్లబ్బు ఆ కుటుంబానికి చిన్న ఆసరా ఇస్తోందన్నది నిజం. చదువు పెంచుతోందని చెప్పుకోవడం మాత్రం నిజం కాదు.

కెన్యా పల్లెల్లో 1990లలో జరిగిన ప్రయోగం మరో పాఠం చెప్పింది. పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చినా సగటు పిల్లల మార్కులు కదలలేదు. ముందునుంచీ బాగా చదివేవాళ్లకే మేలు జరిగింది. ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. ఇంగ్లీషు మాధ్యమం గురించి మనం తెగ వాదించుకునే ఈ రోజుల్లో ఆ ఫలితాన్ని ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి దాతా తెలుసుకోవాలి.

అయితే వస్తువులిచ్చే సేవ అంతా వృథా అనుకోకూడదు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ల పథకం పెట్టింది. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలో చదువు మానేసే ఆడపిల్లలు గణనీయంగా తగ్గారని, నమోదు సుమారు 30 శాతం పెరిగిందని ఆర్థికవేత్తల లెక్కల్లో తేలింది. సైకిలు ఎందుకు పనిచేసింది? బడికీ ఇంటికీ మధ్య ఉన్న అసలు అడ్డంకి దూరమే కనుక. బడి పక్కనే ఉన్న పిల్లకు అదే సైకిలు ఇస్తే అది అన్నకు చేరుతుంది. చైనాలోని గాన్సు రాష్ట్రంలో చూపు మందగించిన పిల్లలకు కళ్లజోళ్లిస్తే మార్కులు పెరిగాయి. కానీ ఇస్తామన్నా మూడో వంతు కుటుంబాలు వద్దన్నాయి. అంటే జోడు చేతిలో పెట్టి రావడం సగం పనే. పిల్ల అది పెట్టుకుంటోందా, ఎవరైనా వెక్కిరిస్తున్నారా అని కనుక్కోవడం మిగతా సగం.

మరింత లోతైన అడ్డంకి చదవడం రాకపోవడం. దేశంలో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని అసర్ అనే విద్యా సర్వే నివేదికలు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. ముంబయి, వడోదరలలో ప్రథమ్ సంస్థ చదువుకున్న స్థానిక యువతులను పెట్టి, వెనకబడ్డ పిల్లలను విడిగా కూర్చోబెట్టి రోజుకు రెండు గంటలు వాళ్లకు అందే స్థాయి నుంచి నేర్పించింది. ఫలితం స్పష్టంగా కనిపించింది. ఖర్చు కూడా స్వల్పం. రోటరీ మన దేశంలో అక్షరాస్యత మిషన్ పెట్టి, ఉపాధ్యాయులకు చేయూత, వయోజన విద్య, ఆనంద పాఠశాలలు వంటివి చేపట్టింది. ఆ దిశ సరైనది. ప్రతి ఊరి క్లబ్బూ దాన్ని అందిపుచ్చుకోవాలి.

సముద్రాలకు అవతల

ఒక ఊరి క్లబ్బు మరో ఖండంలోని ఊరికి ఎలా సాయం చేస్తుంది? రోటరీ పద్ధతి తెలుసుకోదగ్గది. క్లబ్బులు ఫౌండేషన్ వార్షిక నిధికి ఇచ్చిన డబ్బు మూడేళ్లు పెట్టుబడిలో ఉంటుంది. ఆ తర్వాత దాదాపు సగం తిరిగి ఆ ప్రాంతపు క్లబ్బులన్నీ కలిసిన రోటరీ డిస్ట్రిక్టు చేతికే వస్తుంది. మిగతాది ప్రపంచ నిధిలోకి వెళ్తుంది. పెద్ద ప్రాజెక్టు చేపట్టాలంటే రెండు దేశాల క్లబ్బులు చేతులు కలపాలి. ఒకటి పని జరిగే ఊరిది, రెండోది బయటి దేశానిది. మొత్తం కనీసం 30 వేల డాలర్లు ఉండాలి. ఊరి అవసరాలేమిటో ముందుగా అక్కడి జనాన్ని అడిగి తెలుసుకుని రాసివ్వాలి. అప్పుడు ప్రపంచ నిధి తన వాటా కలుపుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ రెండు కొసల నియమం. డబ్బిచ్చేవాడు దూరంగా ఉంటాడు. ఆ ఊరి నీళ్లు తాగేవాడు, ఆ ఊరి సర్పంచిని ఎరిగినవాడు పనిచేసేచోట ఉంటాడు.

ఈ బంధానికి మన దేశంతో ముడిపడిన మంచి ఉదాహరణ ఒకటుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో హెల్‌స్టన్-లిజార్డ్ అనే చిన్న రోటరీ క్లబ్బు 2000లో షెల్టర్‌బాక్స్ అనే ఆలోచన చేసింది. విపత్తులో ఇల్లు కోల్పోయిన కుటుంబానికి గుడారం, దుప్పట్లు, వంట సామాను వంటివి ఒకే పెట్టెలో సర్ది పంపాలన్నది ఉద్దేశం. తొలి పెట్టెలు వెళ్లింది 2001 జనవరిలో గుజరాత్ భూకంప బాధితులకే. ఒక ఊరి క్లబ్బు మొదలుపెట్టిన ఆ పని తర్వాత ప్రపంచమంతా తిరిగే స్వతంత్ర సంస్థ అయింది.

అటువైపు నుంచి వచ్చిందే కాదు, ఇక్కడి నుంచి వెళ్లింది కూడా ఉంది. రోటరీ మాజీ అధ్యక్షుడు రాజేంద్ర సాబూ 1998 నుంచి భారతీయ వైద్యుల బృందాలను ఆఫ్రికా దేశాలకు తీసుకెళ్లారు. తొలి ప్రయాణం ఉగాండాకు. ఆ వైద్యులు సొంత సమయం వెచ్చించి శస్త్రచికిత్సలు చేసి వచ్చారు. మన చట్టం ప్రకారం ఇక్కడి ధర్మసంస్థ తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యేక అనుమతి లేనిదే పన్ను మినహాయింపు దొరకదు. అందుకే మన క్లబ్బులు డబ్బు పంపడం కష్టం. మన దగ్గర దండిగా ఉన్నది నైపుణ్యం. వైద్యులు, నర్సులు, ఇంజనీర్లు, కృత్రిమ పాదాలు బిగించే నిపుణులు ఉన్నారు. జైపూర్ పాదం అలాగే ఎన్నో దేశాలకు చేరింది. భారతదేశం ప్రపంచానికి చేయగల సేవ చేతి పని రూపంలోనే ఎక్కువగా ఉంటుంది.

లయన్స్ విషయానికొస్తే, కార్టర్ సెంటర్‌తో కలిసి నదీతీరాల్లో నల్ల ఈగల వల్ల వ్యాపించే అంధత్వ వ్యాధి మీద ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో దశాబ్దాలు పోరాడింది. 2013లో కొలంబియా, 2014లో ఈక్వడార్, 2015లో మెక్సికో, 2016లో గ్వాటెమాలా ఆ వ్యాధి నుంచి బయటపడ్డాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. కివానిస్ యునిసెఫ్‌తో కలిసి మొదట అయోడిన్ లోపం మీద, 2010 తర్వాత బాలింతలకు, పసికందులకు వచ్చే ధనుర్వాతం మీద పనిచేసింది.

పోలియో నేర్పిన పాఠం

అన్నిటికన్నా పెద్ద కథ పోలియోది. 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయించే పనితో రోటరీ ఇందులోకి దిగింది. 1985లో పోలియోప్లస్ అనే కార్యక్రమం ప్రకటించి 12 కోట్ల డాలర్లు సేకరించాలనుకుంది. 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలు వచ్చాయి. ఆ ఏడే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంతో కలిసి ప్రపంచ పోలియో నిర్మూలన ఉద్యమం మొదలైంది. అప్పుడు 125 దేశాల్లో ఏటా సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో బారిన పడేవారు.

మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. ఒక్కో జాతీయ విడతలో సుమారు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసేవారు. ఆ ఆదివారాలు మన తరానికి గుర్తే. చిటికెన వేలికి సిరా గుర్తు, బడి ముందు టేబులు, ఐసు పెట్టె, పక్కన పసుపు చొక్కా వేసుకున్న క్లబ్బు సభ్యుడు. అయినా 2009లో ప్రపంచం మొత్తం మీద వచ్చిన కేసుల్లో దాదాపు సగం, 741, మన దగ్గరే వచ్చాయి. ఇక ఇండియాలో ఇది పోదని అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మీద అపోహలు వ్యాపిస్తే రోటరీ ముస్లిం మతపెద్దలతో కమిటీ వేసి, వాళ్ల నోటితోనే ఇంటింటికీ చెప్పించింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడిన కేసే చివరిది. 2014 మార్చి 27న భారత్ పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది.

ఈ గెలుపు రోటరీ ఒక్కదానిదే అనడం సరికాదు. మన దేశంలో ఖర్చులో పెద్ద వాటా భారత ప్రభుత్వం భరించింది. వానలో, ఎండలో గడపగడపకూ తిరిగింది ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు. రోటరీ చేసింది రెండు పనులు. ఉత్సాహం తగ్గిన ప్రతిసారీ ప్రభుత్వాల వెంటపడింది. ఊరి మనిషిగా ఊరి అనుమానం తీర్చింది. ఈ రెండూ ఏళ్ల తరబడి చేసింది. ఇప్పటికీ అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లలో పోలియో మిగిలే ఉంది. 2021లో ప్రపంచమంతటా ఆరు కేసులే వస్తే, 2024లో ఆ రెండు దేశాల్లోనే తొంభై దాటాయి. నలభై ఏళ్లు గడిచినా ఆ సంస్థ ఆ పని వదల్లేదు.

జూలై 1 చిక్కు

ఇక లోపాల సంగతి. క్లబ్బుల మీద మొదటినుంచీ ఉన్న విమర్శ, ఇవి ఉన్నవాళ్ల కాలక్షేపమని. సింక్లెయిర్ లూయిస్ 1922లో రాసిన 'బాబిట్' నవలలో ఇలాంటి క్లబ్బు మనుషులను ఎత్తిపొడిచాడు. హోటల్లో విందు, మెడలో గొలుసు, కోటుకు పిన్ను, ఒకరికొకరు శాలువాలు. సాయం కన్నా సన్మానం ఎక్కువైన సభలు మనమూ చూశాం. స్నేహం, గుర్తింపు మనిషిని సేవ వైపు లాగితే తప్పు లేదు. అవే గమ్యమైతేనే చిక్కు.

నా దృష్టిలో అసలు లోపం మరొకటి. రోటరీకైనా లయన్స్‌కైనా క్లబ్బు సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అధ్యక్షుడు ఏటా మారతాడు. పదవి వంతుల మీద తిరగడం మంచి ప్రజాస్వామిక పద్ధతే. కానీ దానితోపాటు పని కూడా ఏటా మారిపోతోంది. కొత్త అధ్యక్షుడు ప్రమాణ స్వీకారం చేసే రోజులూ, మన బడులు తెరిచే రోజులూ దాదాపు ఒకటే. అందుకే నోటుబుక్కుల పంపిణీ, మొక్కలు నాటడం, ఫ్లెక్సీ, ఫొటో అన్నీ ఆ రెండు నెలల్లో కట్టగట్టుకుని వస్తాయి. పోయినేడు అధ్యక్షుడు పెట్టించిన మంచినీటి ప్లాంటుకు ఫిల్టరు మార్చడం ఈ ఏడు అధ్యక్షుడి ప్రాజెక్టు కాదు. దానికి ప్రారంభోత్సవం ఉండదు.

ఇది మన ఊరికే పరిమితమైన జబ్బు కాదు. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా ఏ రోజు చూసినా పనిచేయకుండా ఉంటాయని 2009లో గ్రామీణ నీటి సరఫరా నిపుణుల బృందం అంచనా వేసింది. పంపు వేసినవాళ్లు ఎందరో ఉన్నారు. వాషరు మార్చేవాళ్లు, మార్చడం నేర్పినవాళ్లు కొందరే.

చట్టాల వైపు నుంచీ ఒత్తిడి ఉంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ ప్రకారం విదేశీ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తాను తీసుకున్నది మరో సంస్థకు మళ్లించరాదు. పాలనా ఖర్చు 20 శాతం మించరాదు. లెక్క పక్కాగా ఉండాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ప్రత్యేక గుమాస్తా, ఆడిటరు లేని చిన్న ఊరి క్లబ్బుకు విదేశీ భాగస్వామి దొరికినా పని మొదలుకావడం కష్టమవుతోంది. మరోవైపు 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న నిబంధన వచ్చింది. కనుక డబ్బు కోసం విదేశాల వైపు చూడవలసిన అవసరం తగ్గింది. క్లబ్బులు ఈ వనరును ఇంకా పూర్తిగా వాడుకోవలసి ఉంది.

తెలుగు నేల మీద చేయవలసింది

మన రెండు రాష్ట్రాల్లో పేద విద్యార్థి పరిస్థితి ఇరవై ఏళ్ల కిందటిలా లేదు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. గురుకులాలు పెరిగాయి. మధ్యాహ్న భోజనం ఉంది. ఇప్పుడు పిల్లవాణ్ణి ఆపుతున్నవి చిన్నవిగా కనిపించే పెద్ద అడ్డంకులు. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీ, మెస్ బిల్లు, బస్ పాసు, వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో చెప్పే మనిషి లేకపోవడం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు ఏ కోర్సు దేనికి దారితీస్తుందో చెప్పేవారుండరు. క్లబ్బులో డాక్టరు, ఆడిటరు, ఇంజనీరు, లాయరు, లెక్చరరు అందరూ ఉన్నారు. నెలకు రెండు గంటలు ఆ పిల్లతో కూర్చుంటే, దాని ముందు శాలువా కప్పి ఇచ్చే ఐదువేల చెక్కు చిన్నదైపోతుంది. డబ్బు ఇవ్వవద్దని కాదు. ఇంటర్మీడియట్ మొదటి ఏడు నుంచి డిగ్రీ చివరి దాకా ఐదేళ్లు ఒకే విద్యార్థికి తోడుంటామని రాసుకుంటే, పదిమందికి ఒకేసారి ఇచ్చేకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

విదేశాల్లోని తెలుగువారు ఈ లెక్కలో రెండో కొస. 1977లో తొలి మహాసభ జరుపుకున్న ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మొదలుకొని పలు సంఘాలు ఇక్కడి విద్యార్థులకు ఉపకార వేతనాలు, ఊళ్లకు వైద్య శిబిరాలు అందిస్తున్నాయి. సొంత ఊరి మీది మమకారం వాళ్ల బలం. కానీ చాలాసార్లు ఊళ్లో ఆ పని కనిపెట్టుకుని ఉండే మనిషి బంధువో స్నేహితుడో అవుతాడు. అతను ఊరు మారితే పని ఆగుతుంది. ఊరి క్లబ్బు అక్కడ నిలబడగలదు. రెండు దేశాల క్లబ్బులు కలవాలన్న రోటరీ నియమం వల్ల కలిగే మేలు మన సంఘాలూ అందుకోవచ్చు.

విద్యార్థులను సాయం అందుకునేవాళ్లుగానే చూడకూడదు. 1962లో మొదలైన ఇంటరాక్ట్, 1968లో మొదలైన రోటరాక్ట్ అనే రోటరీ యువజన క్లబ్బుల ఉద్దేశమే పిల్లల చేతికి పని అప్పగించడం. ఈ ఏడు ఉపకార వేతనం తీసుకున్న కుర్రాడు వచ్చే ఏడు తన పాత బడిలో ఐదో తరగతి పిల్లలకు చదవడం నేర్పితే, ఆ వేతనం రెండు తరాలకు పనిచేస్తుంది.

మొత్తం మీద నా తీర్పు ఇది. సేవా క్లబ్బుల అసలు ఆస్తి డబ్బు కాదు. ప్రభుత్వాల, కంపెనీల నిధుల ముందు వాటి నిధులు చిన్నవి. ఊరి పరిచయం, దశాబ్దాల ఓపిక, రెండు కొసల్లోనూ మనిషి ఉండటం, ఈ మూడే వాటి బలం. పోలియోలో, నదీ అంధత్వంలో, 1947 నాటి ఉపకార వేతనాల్లో ఈ మూడూ కలిశాయి, ఫలితం వచ్చింది. ఒక్క రోజు పంపిణీల్లో మూడూ లేవు, ఫలితం లేదు. అందుకని ప్రతి క్లబ్బూ మూడు నియమాలు పెట్టుకోవాలి. మూడేళ్ల కన్నా తక్కువ పని చేపట్టకూడదు. ముందు అధ్యక్షుడి పనికి ఈ ఏడు బడ్జెట్‌లో చోటివ్వకుండా కొత్త పని మొదలుపెట్టకూడదు. ఏమి ఇవ్వాలో నిర్ణయించే ముందు హెడ్మాస్టరునీ, తల్లులనీ, పిల్లలనీ అడగాలి.

మీరు ఏదైనా క్లబ్బు సభ్యులైతే చివరిగా ఒక మాట. ఈ జూన్‌లో నోటుబుక్కులు ఇచ్చిన బడికి వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లండి. పదో తరగతి పరీక్షలకు అప్పటికి నెల మాత్రమే ఉంటుంది. ఫ్లెక్సీ లేకుండా, కెమెరా లేకుండా వెళ్లి, ఎవరు బడి మానేశారో, ఎందుకు మానేశారో అడగండి. ఆ పిల్లల పేర్లు రాసుకుని, వాళ్ల ఇళ్లకు వెళ్లండి.